రిపోర్టులో ‘రియాక్టివ్’ అని వస్తే... వైరస్ పరీక్షల్లో పాజిటివ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

శుక్లాల ఆపరేషన్ అయినా, కాన్పు అయినా, పిత్తాశయంలో రాళ్లు తీయడమైనా ఆస్పత్రిలో చేరగానే ముందు రక్తం తీసి మూడు వైరస్ పరీక్షలు చేస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. ‘వైరల్ మార్కర్స్’ అని రాసి ఉండే ఆ కాగితాన్ని చాలామంది చదవను కూడా చదవరు, ఫైల్లో పెట్టేస్తారు. ఎప్పుడో ఒకసారి, చూపు మసకబారిందని తప్ప ఇంకే బాధా లేకుండా వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దాయన కాగితంలో హెచ్‌ఐవీకి ఎదురుగా ‘రియాక్టివ్’, అంటే పాజిటివ్ అని వస్తుంది. ఆపరేషన్ వాయిదా వేస్తారు. కొడుకును పక్కకు పిలిచి చెబుతారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. వారం తర్వాత ప్రభుత్వ ఆస్పత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) మళ్లీ పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలొచ్చు. అప్పటికి ఆ ఇంట్లో ఎన్ని మాటలు దొర్లాయో, ఎవరు ఎవరిని అనుమానించారో ఏ రిపోర్టులోనూ ఉండదు.

ఆ వారం రోజుల గురించే ఈ వ్యాసం. ఆ వారంలో ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘టెస్టు తప్పు చెబుతుందా?’ దానికి ల్యాబ్‌లో వినిపించే జవాబు కూడా దాదాపు ఒక్కటే: ‘ఈ కిట్ 99 శాతానికి పైగా కరెక్ట్ అండీ.’ ఆ జవాబు అబద్ధం కాదు. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఎందుకో చూద్దాం. పరీక్షకు రెండు రకాల సామర్థ్యాలు ఉంటాయి. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లను వదలకుండా పట్టుకోవడం ఒకటి, దాన్ని సెన్సిటివిటీ అంటారు. లేనివాళ్లను లేరని సరిగ్గా చెప్పడం రెండోది, అది స్పెసిఫిసిటీ. కిట్ మీద 99.5 శాతం స్పెసిఫిసిటీ అని ఉందనుకుందాం. అంటే ఇన్ఫెక్షన్ లేని వెయ్యి మందికి పరీక్ష చేస్తే 995 మందికి నెగెటివ్ వస్తుంది, ఐదుగురికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. అది కిట్ గుణం. రిపోర్టు చేతిలో పట్టుకున్న మనిషికి కావాల్సింది మాత్రం ఇంకొకటి: పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా వైరస్ ఉన్నవాళ్లు ఎందరు? ఈ రెండో లెక్క కిట్ ఒక్కదానితో తేలదు. ఎవరికి పరీక్ష చేశారన్నదాని మీద ఆధారపడుతుంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. లక్ష మందిని తీసుకుంటే 210 మంది. పరీక్ష వాళ్లందరినీ పట్టేసిందనే అనుకుందాం. మిగిలిన 99,790 మందికి వైరస్ లేదు, కానీ వెయ్యికి ఐదుగురి చొప్పున దాదాపు 499 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 709. అందులో నిజమైనవి 210. అంటే ‘99.5 శాతం కరెక్ట్’ అయిన పరీక్షలో పాజిటివ్ వచ్చిన పది మందిలో నిజంగా వైరస్ ఉన్నవాళ్లు ముగ్గురే.

ఈ లెక్క మొదటిసారి చూసినవాళ్లు ఎక్కడో మోసం ఉందనుకుంటారు. లేదు. కావాలంటే కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇది మన వంటింట్లోనూ జరిగేదే. రాళ్లు ఎక్కువున్న బియ్యాన్ని చేటలో పోసి ఏరితే చేతికొచ్చేవి చాలావరకు రాళ్లే. అదే బాగా శుభ్రం చేసిన బియ్యం తెచ్చి ఏరితే, రాయి అనుకుని పక్కన పడేసే వాటిలో సగం రంగు మారిన బియ్యపు గింజలే ఉంటాయి. ఏరేవాళ్ల కన్ను మారలేదు, చేటలో సరుకు మారింది.

అదే కిట్‌ను పట్టుకుని వేరే చోటికి వెళ్దాం. అదే ఏడాది అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం అని ఉంది. ఆంధ్రప్రదేశ్ లెక్కతో లక్ష మందిలో 670 నిజమైన పాజిటివ్‌లు, 497 తప్పుడువి. అప్పుడు పాజిటివ్ వచ్చిన వందలో 57 మందికి నిజంగా ఉన్నట్టు. రిస్క్ బాగా ఎక్కువున్న సమూహంలో, అంటే వందలో పదిమందికి ఇన్ఫెక్షన్ ఉన్నచోట అదే పరీక్ష చేస్తే, వంద పాజిటివ్‌లలో 95కి పైగా నిజమే. కిట్ ఒక్కటే, టెక్నీషియన్ ఒక్కరే, కార్డు మీద పడే గీత ఒక్కలాంటిదే. దాని బరువు మాత్రం మనిషిని బట్టి, చోటును బట్టి మారిపోతోంది.

నిజానికి ఆపరేషన్‌కు వచ్చిన పెద్దాయన విషయంలో లెక్క ఇంకా ఆయన వైపే మొగ్గుతుంది. రాష్ట్రం మొత్తం శాతంలో ఇప్పటికే తమకు హెచ్‌ఐవీ ఉందని తెలిసి మందులు వాడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను పక్కన పెడితే, తెలియకుండా ఇన్ఫెక్షన్‌తో తిరుగుతున్నవాళ్ల వాటా ఇంకా చిన్నది. డెబ్బై దాటిన మనిషికి, రిస్క్ ఏమీ కనిపించనప్పుడు, మొదటి పరీక్షలో వచ్చిన పాజిటివ్‌ను అనుమానంగా చూడటం ధైర్యం చెప్పడానికి అనే మాట కాదు. లెక్క చెప్పేదే అది.

మరి ఇంత చురుకైన పరీక్షను ఎందుకు తయారు చేశారు? దీనికి జవాబు 1985లో ఉంది. ఆ ఏడాది మార్చిలో అమెరికాలో మొదటి హెచ్‌ఐవీ ఎలైజా కిట్‌కు అనుమతి వచ్చింది. అప్పట్లో ఎయిడ్స్‌కు మందు లేదు, రక్తమార్పిడి ద్వారా వైరస్ ఎక్కితే ప్రాణం పోయినట్టే. ఆ కిట్ రక్తనిధుల కోసం వచ్చింది. అక్కడ ఒక్క ఇన్ఫెక్షన్ ఉన్న సీసా జారిపోతే ఒక ప్రాణం పోతుంది, పది మంచి సీసాలు పారబోస్తే పోయేది పది సీసాల రక్తం. అందుకే కటాఫ్‌ను, అంటే ఎంత దాటితే పాజిటివ్ అనాలన్న హద్దును, కావాలనే కిందికి పెట్టారు. అనుమానం వస్తే చాలు పక్కన పెట్టేలా తయారుచేశారు. రక్తం తీసుకునేవాళ్లను కాపాడటానికి చేసిన పని అది. రక్తం ఇచ్చినవాడికి ‘నీకు జబ్బు ఉంది’ అని చెప్పడానికి చేసింది కాదు. మన దేశంలో ఇప్పటికీ నాకో నిబంధనల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. రక్తనిధిలో ఒక్క పరీక్ష రియాక్టివ్ అయితే ఆ రక్తాన్ని పక్కన పడేస్తారు. మనిషికి ఫలితం చెప్పాలంటే మాత్రం ఆ ఒక్కటి చాలదు.

ఎలైజా ఎలా కనిపిస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే కటాఫ్ సంగతి బాగా అర్థమవుతుంది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, మొత్తం 96 గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) చుక్క. వైరస్‌కు వ్యతిరేకంగా ఒంట్లో పుట్టిన యాంటీబాడీ అందులో ఉంటే, చివర్లో రసాయనం పోసినప్పుడు ఆ గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. కొన్ని గుంటలు పసుపు ముద్దలా మెరుస్తాయి. కొన్ని నీళ్లలా ఉంటాయి. మధ్యలో ఒకటో రెండో లేత నిమ్మపండు రంగులో ఉంటాయి. అవే చిక్కు. ఆ లేత రంగు ఎంత దాటితే ‘ఉంది’ అనాలి అన్నది మనుషులు పెట్టుకున్న గీత. మెషీన్ ఆ రంగును కొలిచి, కటాఫ్‌తో భాగించి ఒక అంకె ఇస్తుంది. ఒకటి దాటితే రియాక్టివ్. చాలా రిపోర్టుల్లో ఆ అంకె ఉంటుంది, ఎవరూ చూడరు. 1.3 వచ్చినవాడికీ, 60 వచ్చినవాడికీ పక్కన పడే మాట ఒక్కటే. ఎప్పటినుంచో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు సాధారణంగా అంకె చాలా పైన ఉంటుంది, తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువగా గీత పక్కనే తచ్చాడుతుంటాయి. అలాగని 1.3 చూసి ఊపిరి పీల్చుకుని ఊరుకోకూడదు. ఈమధ్యే ఇన్ఫెక్షన్ సోకినవాళ్లకూ మొదట్లో అంత తక్కువే రావచ్చు. తేల్చాల్సింది మళ్లీ పరీక్షే.

ఈ జాగ్రత్త మన దేశంలో మొదటి రోజు నుంచే ఉంది. 1986లో మద్రాసులో మైక్రోబయాలజిస్టు డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల కలిసి సెక్స్ వర్కర్ల రక్తనమూనాలు సేకరించి, వాటిని వేలూరులో పరీక్షించారు. కొన్ని గుంటలు పసుపు రంగుకు మారాయి. దేశంలోకి హెచ్‌ఐవీ వచ్చిందని చెప్పాలంటే ఎంత పెద్ద మాటో వాళ్లకు తెలుసు. అందుకే ఆ పసుపును చూసి వెంటనే ప్రకటన చేయలేదు. మళ్లీ నమూనాలు తీసి చూశారు, అమెరికాలో వెస్టర్న్ బ్లాట్ అనే వేరే రకం పరీక్ష చేయించి నిర్ధారించుకున్నారు. ఒక దేశానికి ఇచ్చిన ఆ జాగ్రత్త ఒక్కో మనిషికీ దక్కాలి.

యాంటీబాడీ పరీక్ష తప్పు చెప్పడానికి ఒంట్లోనే కారణాలుంటాయి. రోగనిరోధక వ్యవస్థ చేసే యాంటీబాడీలు తాళంచెవుల్లాంటివి. ఒక తాళం కోసం చేసిన చెవి మరో తాళంలో కొంచెం తిరగొచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, మలేరియా లాంటి ఇన్ఫెక్షన్లు, గర్భధారణ, కొన్ని టీకాలు ఇలాంటి అడ్డదిడ్డపు యాంటీబాడీలను పుట్టించగలవు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఆస్ట్రేలియాలో జరిగింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం, సీఎస్ఎల్ సంస్థ కలిసి చేసిన కోవిడ్ టీకాలో ప్రోటీన్‌ను ఒక ఆకారంలో పట్టి ఉంచడానికి హెచ్‌ఐవీ ప్రోటీన్ చిన్న ముక్కను వాడారు. ఆ ముక్కతో ఎవరికీ హెచ్‌ఐవీ వచ్చే అవకాశమే లేదు. అయినా ట్రయల్‌లో టీకా వేయించుకున్నవాళ్లకు కొన్ని హెచ్‌ఐవీ పరీక్షల్లో పాజిటివ్ చూపించడం మొదలైంది. టీకా పనిచేస్తున్నట్టే కనిపించినా 2020 డిసెంబరులో దాన్ని ఆపేశారు. లక్షలమంది రిపోర్టుల్లో తప్పుడు పాజిటివ్ వస్తే దేశం మొత్తం హెచ్‌ఐవీ పరీక్షల మీదే నమ్మకం పోతుందని.

ఇక అసలు పరిష్కారం దగ్గరికి వద్దాం. ఐసీటీసీలో ఒక మనిషికి హెచ్‌ఐవీ పాజిటివ్ అని చెప్పాలంటే మూడు పరీక్షలు రియాక్టివ్ రావాలి. ఆ మూడూ ఒకే కంపెనీ పెట్టెలోంచి తీసిన మూడు కార్డులు కావు. వేర్వేరు యాంటిజెన్లు (యాంటీబాడీ అతుక్కునే వైరస్ ప్రోటీన్లు), వేర్వేరు పద్ధతులు వాడే మూడు కిట్లు. మొదటిది వదలకుండా పట్టేది, తర్వాతవి పట్టిన దాన్ని జల్లెడ పట్టేవి. ఇందాకటి లెక్కలో తప్పుడు పాజిటివ్‌లు 499 ఉన్నాయి కదా. అంతే స్పెసిఫిసిటీ ఉన్న వేరే కిట్‌తో ఆ 499 మందికి చేస్తే రెండు మూడు మిగులుతాయి. మూడో కిట్‌తో చేస్తే దాదాపు ఎవరూ మిగలరు. నిజమైన 210 మాత్రం మూడు జల్లెడల్లోనూ నిలబడతాయి. మూడూ ఒకే మాట చెప్పకపోతే ‘ఇండిటర్మినేట్’ అని రాసి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాజిటివ్ రాగానే అదే ల్యాబ్‌లో అదే కిట్‌తో ‘ఇంకోసారి చేయండి’ అని అడుగుతారు. మళ్లీ పాజిటివ్ వస్తే ఇక ఖాయమైపోయిందని కుంగిపోతారు. కానీ ఆ మనిషి రక్తంలోని ఏదో యాంటీబాడీ ఆ కిట్‌లోని ప్రోటీన్‌కు పొరపాటున అతుక్కుంటుంటే, పదిసార్లు చేసినా పదిసార్లూ అతుక్కుంటుంది. ఒకే సాక్షిని మూడుసార్లు అడిగితే మూడు సాక్ష్యాలు కావు. వేర్వేరు వీధుల నుంచి వచ్చిన ముగ్గురు ఒకే మాట చెప్పాలి.

అలాగే మొదటి గొట్టంలో మిగిలిన రక్తంతో కాకుండా మళ్లీ కొత్తగా రక్తం తీయడం కూడా ముఖ్యం. కిట్ తప్పు లేకుండానే తప్పు రావొచ్చు. పొద్దున్నే ల్యాబ్ ముందు నలభై మంది క్యూలో ఉంటారు. ఒకే పేరుతో ఇద్దరుంటారు. స్టిక్కర్ పక్క గొట్టానికి అంటుకుంటుంది. రక్తపు చుక్క వేస్తే గీత చూపే రాపిడ్ కార్డును పదిహేను, ఇరవై నిమిషాల్లో చదవాల్సి ఉండగా గంట తర్వాత చూస్తే, ఆరిపోయిన కార్డు మీద లేని గీత నీడలా తేలుతుంది. 99.5 శాతం అన్న అంకెలో ఇవేవీ ఉండవు. కిట్ కంపెనీ అంకె కిట్ వరకే, ల్యాబ్‌లో మనుషులు చేసే పని దాని మీద అదనం. అందుకే ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు మొదలుపెట్టే ముందు కొత్త నమూనాతో మరోసారి పరీక్షించి చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. మందు జీవితాంతం వాడాల్సింది కాబట్టి ఈ ఒక్క అడుగు ఎక్కువేమీ కాదు.

అదే సంస్థ 2019లో అన్ని దేశాలనూ మూడు వరుస పరీక్షల పద్ధతికి మారమని చెప్పింది. అప్పటిదాకా హెచ్‌ఐవీ ఎక్కువున్న చాలా దేశాలు రెండు పరీక్షలతోనే తేల్చేవి. కారణం ఆలోచిస్తే సంతోషించాల్సిందే. చికిత్స అందరికీ అందుతున్నకొద్దీ కొత్తగా బయటపడేవాళ్లు తగ్గిపోతున్నారు. పరీక్షకు వచ్చేవాళ్లలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల వాటా తగ్గితే, అదే కిట్ ఇచ్చే పాజిటివ్‌ల్లో తప్పుల వాటా పెరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు గర్భిణుల్లో హెచ్‌ఐవీ 1 శాతం దాటిన రాష్ట్రాల జాబితాలో ఉండేది. ఆ రోజుల్లో ఒక గర్భిణికి వచ్చిన మొదటి పాజిటివ్‌కూ, ఇప్పుడు వచ్చే మొదటి పాజిటివ్‌కూ విలువ ఒకటి కాదు. జబ్బు తగ్గిందంటే, మొదటి పాజిటివ్‌ను అప్పటికంటే ఎక్కువ అనుమానంతో చూడాలన్నమాట.

ఇప్పటిదాకా చెప్పింది లేనిదాన్ని ఉందని చెప్పే తప్పు గురించి. రెండో రకం చిక్కు ఇంకా తరచుగా జరుగుతుంది. పరీక్ష నిజమే చెబుతుంది, మనం దాన్ని వేరేగా అర్థం చేసుకుంటాం. ఏ పరీక్షా జబ్బును చూడదు. ఒకటి యాంటీబాడీని చూస్తుంది, ఒకటి వైరస్ ప్రోటీన్‌ను, ఒకటి వైరస్ జన్యుపదార్థాన్ని. వాటికీ జబ్బుకూ మధ్య కొంత దూరం ఉంటుంది.

హెపటైటిస్ సి దీనికి మంచి ఉదాహరణ. ఆపరేషన్ ముందు చేసే కార్డు చూసేది యాంటీబాడీనే. అమ్మవారు పోసి తగ్గినా ముఖం మీద మచ్చ ఉండిపోయినట్టు, వైరస్ పోయినా ఈ యాంటీబాడీ రక్తంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. హెపటైటిస్ సి సోకినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు ఏ మందూ లేకుండానే వైరస్ పోతుంది. మందులతో పూర్తిగా నయమైనవాళ్లకూ కార్డు మీద గీత వస్తూనే ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఇప్పుడు ఉందా లేదా అని చెప్పేది వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అది చేయించకుండా ‘హెపటైటిస్ సి ఉంది’ అని ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసేయడం చాలాచోట్ల జరుగుతోంది, అది తప్పు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితంగానే ఇస్తున్నారు. నిజంగా ఉంటే చాలామందికి కొన్ని నెలల మందులతో నయమైపోయే జబ్బు ఇది.

హెపటైటిస్ బిలో చిక్కు వేరు. అక్కడ కార్డు చూసేది వైరస్ పైపొర ప్రోటీన్‌ను, హెచ్‌బీఎస్ఏజీని. టీకాలో ఉండేదీ అదే ప్రోటీన్. అందుకే టీకా వేయించుకున్న కొన్ని రోజుల వరకు, కొందరిలో 18 రోజుల దాకా, పరీక్షలో పాజిటివ్ రావొచ్చు. ఇది మన దగ్గర చిన్న విషయం కాదు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు మెడికల్‌లో హెచ్‌ఐవీతోపాటు హెపటైటిస్ బి, సి కూడా చూస్తారు. ఒక్కటి పాజిటివ్ వచ్చినా ‘అన్‌ఫిట్’. వీసాకు, ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టినవాడికి ఆ ఒక్క మాట బతుకును తలకిందులు చేస్తుంది. విదేశాలకు వెళ్లే నర్సులదీ అదే పరిస్థితి. ప్రయాణం ముందు హడావుడిగా టీకా వేయించుకుని, అదే వారంలో మెడికల్‌కు వెళ్లకూడదు. నెల రోజులు ఆగి వెళ్తే ఈ గండం ఉండదు. టీకా ముందు చేయించిన పరీక్ష కాగితం దాచుకుంటే ఇంకా మంచిది. టీకా సంగతి ఏమీ లేకుండా పాజిటివ్ వస్తే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆరు నెలల తర్వాత కూడా ఉంటే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారు. అప్పుడు కాలేయం ఎలా ఉంది, వైరస్ ఎంత ఉంది అని చూసి మందు అవసరమా కాదా అన్నది తేలుస్తారు.

వానాకాలం వస్తే డెంగీ టెన్షన్. జ్వరం రాగానే వీధి చివరి ల్యాబ్‌లో కార్డు పరీక్ష, అందులో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఐజీఎం, ఐజీజీ (రెండు రకాల యాంటీబాడీలు) అని మూడు గీతలకు చోటు. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 వస్తే, అదీ ఊరంతా డెంగీ ఉన్న సెప్టెంబరులో వస్తే, దాన్ని నమ్మడానికి బలమైన కారణం ఉంది. ఐజీఎం సంగతి అలా కాదు. అది ఒకసారి వచ్చాక రెండు మూడు నెలలు ఉంటుంది. జులైలో డెంగీ వచ్చి తగ్గిన పిల్లవాడికి సెప్టెంబరులో మామూలు జ్వరం వచ్చినా ఐజీఎం గీత పడొచ్చు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, జికా లాంటి అదే కుటుంబపు వైరస్‌ల యాంటీబాడీలు కూడా ఈ పరీక్షను తికమక పెడతాయి. ఒక్క ఐజీజీ గీత అయితే ఎప్పుడో పాత రోజుల్లో సోకిందని మాత్రమే చెబుతుంది. అందుకే ప్రభుత్వ లెక్కలో కార్డు పాజిటివ్ అంటే ‘అనుమానిత’ కేసే. ఎలైజాలో వస్తేనే నిర్ధారణ. కార్డు మీద గీత చూసి భయపడి ఆస్పత్రిలో చేరేకన్నా, జ్వరం ఎన్నో రోజు, నీళ్లు తాగగలుగుతున్నారా, కడుపునొప్పి, వాంతులు ఉన్నాయా అన్నవే అక్కడ ముఖ్యం.

కోవిడ్ రోజుల్లో ఆర్టీపీసీఆర్ అనే మాట పల్లెటూళ్లలో కూడా అందరి నోటా నలిగింది. అది వైరస్ జన్యుపదార్థాన్ని వెతికి, ఒక్కో సైకిల్‌కు రెట్టింపు చేస్తూ పోతుంది. ఎన్నో సైకిల్‌లో కనిపించిందో అదే సీటీ విలువ. 20వ సైకిల్‌లో కనిపించినవాడికీ, 35వ సైకిల్‌లో కనిపించినవాడికీ మధ్య పదిహేను రెట్టింపుల తేడా, అంటే దాదాపు 33 వేల రెట్లు. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 35 దాకా పాజిటివ్‌గానే లెక్కించమంది. రెండు రిపోర్టుల్లోనూ మాట ఒక్కటే. పైగా ఈ పరీక్ష బతికున్న వైరస్‌నూ, చచ్చిన వైరస్ ముక్కలనూ వేరు చేయలేదు. దక్షిణ కొరియాలో 2020లో కోలుకుని ఇంటికి వెళ్లి మళ్లీ పాజిటివ్ వచ్చిన 285 మందిని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ వెతికి పరిశీలించింది. వాళ్లకు దగ్గరగా మెలిగిన 790 మందిని గమనిస్తే, వీళ్ల వల్ల సోకినట్టు ఒక్కరిలోనూ తేలలేదు. ల్యాబ్‌లో వైరస్ పెరుగుతుందేమో అని పెంచి చూసిన నమూనాల్లో బతికున్న వైరస్ దొరకలేదు. అంటే ఆ పాజిటివ్ తప్పు కాదు, ముక్కలు నిజంగానే ఉన్నాయి. కానీ వాళ్లను మళ్లీ గదిలో పెట్టి తలుపు వేయడానికి అది కారణం కాదు. మన దేశంలోనూ 2020 మే నెలలో స్వల్ప లక్షణాలున్నవాళ్లను నెగెటివ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా, రోజుల లెక్కతో ఇంటికి పంపడం మొదలుపెట్టారు.

అదే కోవిడ్‌లో రాపిడ్ యాంటిజెన్ పరీక్ష కథ పూర్తిగా ఇంకోవైపు. ఐసీఎంఆర్ 2020 జూన్‌లో అనుమతించిన మొదటి కిట్‌కు స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం, సెన్సిటివిటీ మాత్రం 50.6 నుంచి 84 శాతం. అంటే అది ఇన్ఫెక్షన్ ఉన్న చాలామందిని వదిలేస్తుంది, కానీ లేనివాళ్లను పొరపాటున పట్టుకోవడం తక్కువ. కేసులు ఉధృతంగా ఉన్నప్పుడు, జ్వరం, దగ్గు ఉన్న మనిషికి అందులో పాజిటివ్ వస్తే మళ్లీ పరీక్ష అక్కర్లేదు అన్నారు. నెగెటివ్ వచ్చి లక్షణాలు ఉంటేనే ఆర్టీపీసీఆర్ చేయించమన్నారు. పాజిటివ్‌ను నమ్మాలా వద్దా అన్నదానికి ఒకే జవాబు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఊరంతా జబ్బు ఉన్నప్పుడు, ఒంట్లో లక్షణాలు ఉన్నప్పుడు వచ్చిన పాజిటివ్‌ను వెంటనే నమ్మాలి. ఏ కారణమూ లేకుండా, రొటీన్‌గా చేసిన పరీక్షలో వచ్చిన పాజిటివ్‌ను మరో దారిలో నిర్ధారించుకోవాలి.

ఈ మాటను ఎవరైనా తమకు అనుకూలంగా లాక్కుంటారేమో అన్న భయం కూడా ఉంది. మూడు పరీక్షల్లోనూ పాజిటివ్ వచ్చాక ‘టెస్టులు తప్పు చెబుతాయంట’ అని మందు మొదలుపెట్టనివాళ్లు ఉన్నారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మూడు వేర్వేరు కిట్లు, కొత్త నమూనా కలిసి చెప్పిన పాజిటివ్ వైద్యంలో ఉన్న అత్యంత నమ్మదగిన ఫలితాల్లో ఒకటి. ఇప్పుడు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లందరికీ సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్యతో పని లేకుండా ఏఆర్‌టీ ఉచితంగా ఇస్తున్నారు. వేళకు వాడితే అందరిలాగే బతుకుతారు. ఇంకో ప్రమాదం, ఎయిడ్స్ నయం చేస్తామని చెప్పుకునేవాళ్లు. మొదటి కార్డులో తప్పుగా పాజిటివ్ వచ్చినవాడు వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏదో పొడి తిని, తర్వాత వేరే కిట్‌తో చేయించుకుంటే నెగెటివ్ వస్తుంది. ఆ పొడికి పేరొస్తుంది. ఆ పేరు విని నిజంగా జబ్బున్న ఇంకొకరు మందులు మానేస్తారు. ఒక్క తప్పుడు పాజిటివ్‌ను సకాలంలో సరిదిద్దకపోతే అది ఇంత దూరం వెళ్లగలదు.

పెద్దాయన దగ్గరికి తిరిగి వస్తే, అక్కడ కిట్ చేసిన తప్పుకన్నా మనుషులు చేసిన తప్పు పెద్దది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలి. ఫలితాన్ని ఆ మనిషికే చెప్పాలి, ఆయన ఒప్పుకోకుండా కొడుకుకైనా చెప్పకూడదు. నిజంగా పాజిటివ్ అయినా దాన్ని చూపించి వైద్యం నిరాకరించకూడదు. నిర్ధారణ కాని ఒక్క కార్డు గీతను పట్టుకుని ఆపరేషన్ ఆపడానికి అసలు ఆస్కారమే లేదు. ‘ఇది మొదటి పరీక్ష మాత్రమే, ఇందులో ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి తర్వాత ఏమీ ఉండదు, రేపు ఐసీటీసీకి వెళ్లండి, అక్కడ ఉచితం, ఎవరికీ చెప్పరు’ అని నాలుగు మాటలు చెప్పడానికి ఒక నిమిషం చాలు. సందేహం ఉంటే నాకో హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

పాజిటివ్ అన్న మాటను ఎంత ఓపిగ్గా చదవాలో పుట్టిన బిడ్డల దగ్గర తెలుస్తుంది. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి రోజే కార్డు పరీక్ష చేస్తే దాదాపు ఎప్పుడూ పాజిటివే వస్తుంది. ఆ యాంటీబాడీలు బిడ్డవి కావు, కడుపులో ఉన్నప్పుడు తల్లి ఇచ్చినవి. అందుకే ఆరు వారాలకు బిడ్డ మడమను చిన్న సూదితో గుచ్చి, కాగితం మీద గీసిన వలయాల్లో రక్తపు చుక్కలు పడేలా పట్టి, ఆరబెట్టి, జన్యుపదార్థం కోసం ల్యాబ్‌కు పంపుతారు. తల్లి మందులు వేళకు వేసుకుని ఉంటే చాలామంది పిల్లల్లో వైరస్ ఉండదు. అయినా అక్కడితో ఆపరు. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు నెలనెలా తగ్గుతూ పోతాయి. పద్దెనిమిదో నెలలో, తల్లిపాలు ఆపి కొన్ని వారాలు గడిచాక, బిడ్డను మళ్లీ ఐసీటీసీకి తెస్తారు. ఇప్పుడు వాడు నడుస్తూ వస్తాడు. వేలి చివర గుచ్చి కార్డు మీద చుక్క వేస్తారు. తల్లి ఆ పదిహేను నిమిషాలూ కార్డు మీదనుంచి కళ్లు తిప్పదు. కార్డు సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత పక్కన రెండో గీత పడకపోతే, ఆ రిజిస్టర్‌లో బిడ్డ పేరుకు ఎదురుగా నెగెటివ్ అని రాసి, ఇక రానక్కర్లేదని చెబుతారు.